కట్లర్ దీపనౌకలో నాలుగింటి కాపలా

మా రేవులో ఎజ్రా టోవెల్‌ని అందరూ మంచివాడనే అంటారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా అతనికి తల కొట్టేసినట్టుండేది. అలా ఎందుకనిపిస్తుందో ఇరవై ఆరేళ్లు ఎవరికీ చెప్పలేదు.

ముప్పై ఏళ్లు అతను కట్లర్ దిబ్బ దగ్గరి దీపనౌకలో పనిచేశాడు. దీపనౌక అంటే ఎటూ పోని ఓడ. ఎర్రటి పొట్ట మీద తెల్లక్షరాల పేరు, ఓడ తన చోటే ఉందనడానికి గుర్తుగా పగలు స్తంభం చివర నల్ల బంతి, పొద్దు గూకితే దీపం. ఇంజను లేదు. ఇసుకదిబ్బ పక్కన లంగరేసుకుని కూర్చోవడమే దాని ఉద్యోగం. రెండు నెలలు నీళ్ల మీద, ఒక నెల ఇంట్లో.

"కదలని ఓడకి కెప్టెన్ దేనికయ్యా?" అని చేపలవాళ్లు ఆటపట్టిస్తే, దాని కెప్టెన్ పాలంట్ ముసలాయన "కదిలే మీరు మునక్కుండా చూడ్డానికిరా" అనేవాడు.

కొత్తగా ఎక్కినవాడికి ఆయన ముందు చెప్పే మాట ఒకటే: "తప్పుచోట వెలిగే దీపం కన్నా చీకటి నయం." లంగరు జారిందని తెలిసిన మరుక్షణం బంతి దించెయ్యాలి, పెద్ద దీపం ఆర్పేసి ఎర్ర దీపాలు పెట్టాలి. జారిందో లేదో తెలియాలంటే రెండు గంటలకోసారి పైకెక్కి, ఒడ్డునున్న చర్చి గోపురమూ గాలిమరా ఏ దిక్కున ఉన్నాయో దిక్సూచిలో చూసి పుస్తకంలో రాయాలి. ఏడాది పొడుగునా అవే అంకెలు. చిక్కంతా అక్కడే ఉంది.

1931 నవంబరులో మూడు రోజులు ఈదురుగాలి కొట్టి తెరిపిచ్చింది. సాయంత్రం నాలుగింటికి కాపలా ఎజ్రాది. అప్పుడతను కింద బల్ల దగ్గర సీసాలో ఓడ కడుతున్నాడు. దీపనౌకవాళ్లకి ఆ పిచ్చి మామూలే. స్తంభాలు పడుకోబెట్టిన చిన్న ఓడని సీసా మూతిలోంచి దూర్చి, దారం లాగితే స్తంభాలు లేచి నిలబడతాయి. జిగురు ఆరేదాకా దారం వదలకూడదు. పదకొండు రోజుల పని. గంట కొట్టేసరికి దారం అతని పళ్ల మధ్య ఉంది.

ఏముందిలే, అవే అంకెలు కదా అనుకున్నాడు. జిగురు ఆరాక తీరిగ్గా లేచి, రెండింటికి ఇంకొకడు చూసి రాసిన అంకెలనే కింద ఎక్కించి సంతకం పెట్టాడు. మెట్లెక్కి చూడనేలేదు. కాసేపటికి దీపం వెలిగించారు.

ఐదు కాకముందే రూబెన్ బర్‌వుడ్ చేపల పడవ ఆ దీపాన్ని నమ్మి మలుపు తీసుకుని దిబ్బెక్కింది. పనివాళ్లిద్దరు బతికి బయటపడ్డారు. రూబెన్ శవం కూడా దొరకలేదు. ఆరింటికి పైకెక్కినవాడు ఒడ్డున వెలిగే దీపాలని బట్టి చూస్తే దీపనౌక అరమైలు జారి ఉంది.

విచారణ జరిగింది. నాలుగింటికి ఓడ తన చోటే ఉందని పుస్తకం చెబుతోంది, కాబట్టి ఐదింటికి ఆటు మొదలై నీళ్లు వెనక్కి లాగాకే జారి ఉండాలి, పడవ అప్పటికే పోయింది, తప్పు రూబెన్‌దే అన్నారు పెద్దలు.

"నాలుగింటికి చూసింది నువ్వేనా?" అని ఎజ్రాని అడిగారు.

"నేనేనండీ."

ఆ ఒక్క మాటతో ఒక మనిషి పేరు మట్టిలో కలిసిపోయింది. మా వీధిలో ఎవడైనా తప్పటడుగు వేస్తే "రూబెన్‌లా దిబ్బెక్కావేంట్రా" అనడం వాడుకైంది. అతని పెళ్లాం కెజియా వలలు బాగుచేసుకుంటూ బతికింది. విచారణ అయిన వారానికే ఆమె ఎజ్రా గుమ్మంలోకి వచ్చి, "మా ఆయన గుడ్డితనానికి మీ ఓడకి మాటొచ్చింది. మనసులో పెట్టుకోకు ఎజ్రా" అంది. అతను నేల చూపులు చూస్తూ "పర్లేదు" అన్నాడు. పర్లేదట! ఆ మాట తల్చుకుంటే ఎజ్రాకి ఇప్పటికీ తిన్నది వంటబట్టదు.

1957లో ఆ దీపనౌకకి పని అయిపోయింది. రేవులో కట్టి జనానికి చూపిస్తామన్నారు. పాతవాళ్లలో మిగిలింది ఎజ్రా ఒక్కడే కాబట్టి మాట్లాడమన్నారు. బంతి గురించీ లంగరు గురించీ చెప్పాడు, జనం నవ్వారు. చివర్లో ఎవరో అడిగారు: "ఈ దీపం ఎవరినైనా ఎప్పుడైనా దారి తప్పించిందా తాతా?"

"ఎన్నడూ లేదు. పుస్తకం ఉంది, చూసుకోండి" అంది నాలుక, అలవాటు ప్రకారం.

చప్పట్లు మోగాయి. మూడో వరసలో కెజియా చప్పట్లు కొట్టలేదు. మొగుడి తప్పుకి తనే తల దించుకుని చేతులు చూసుకుంటోంది. ఎజ్రాకి తన మీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు పొద్దున్నే ఆమె ఇంటికి వెళ్లాడు. టోపీ, కోటూ తీసి, నిలబడే అంతా చెప్పాడు. సీసా, దారం, అంకెలు, ఏదీ దాచలేదు.

కెజియా చేతిలో వల అలాగే ఉంది. దాన్ని దించకుండానే అంది: "ఇరవై ఆరేళ్లు ఆయన్ని తిట్టుకున్నాను. చర్చి గోడ మీద సముద్రంలో పోయినవాళ్ల పేర్లు రాయిస్తుంటే, మా ఆయన పేరొద్దు, సిగ్గుచేటు అని నేనే చెప్పొచ్చాను. అప్పుడు నువ్వు ఆ చర్చి వరండాలోనే ఉన్నావు. విన్నావు."

"విన్నాను."

"ఏడవకు. నీ ఏడుపు నాకెందుకు? కోటు వేసుకో, పద."

మా వీధిలో నలభై ఒక్క గుమ్మాలు. ఆమె ముందు నడిచి తలుపు కొట్టేది, అతను టోపీ చేత్తో పట్టుకుని చెప్పేవాడు. కొందరు తలుపు మొహాన వేశారు. కొందరు జాలిపడి "పాతమాటలే, లోపలికి రా, టీ తాగు" అన్నారు. ఆ జాలి అతన్ని మరీ చంపింది. తొమ్మిదో గుమ్మం దగ్గర ఆగిపోయాడు.

"ఇక చాలదా కెజియా?" అన్నాడు.

"ఈ గుమ్మంలోనే నన్ను చూసి దిబ్బెక్కినవాడి పెళ్లామని నవ్వారు" అంది ఆమె. "నేను నిలబడి విన్నాను. నువ్వు నిలబడి చెప్పు."

ఆమె తలుపు కొట్టింది.