పేలిక కట్టిన బీరకాయ

తమ్ముడు భోజనానికి వస్తాడని ఈ పొద్దున బీరకాయ చెక్కు తీస్తుంటే, చేతులకు పట్టిన ఆ పచ్చి వాసన నన్ను పాలకొల్లు దగ్గరి మా ఊరి దొడ్లోకి, మార్గశిరపు మంచులోకి లాక్కుపోయింది. దసరా వానలు వెనకబట్టగానే నాయనమ్మ మట్టిపెళ్లలు చిదిపి మళ్లు కట్టేది. వంగనారు, ముల్లంగి, కొత్తిమీర, పందిరి నిండా చిక్కుడు, పురుగు పట్టకుండా తడి ఆకుల మీద ఆవిడ చల్లే పొయ్యిలో బూడిద, కాలవ నీళ్లు మోసి ఎర్రబడిన మా అరచేతులు, వేడన్నంలో ఆవపెట్టిన చిక్కుడుకాయ కూర, అదే మాకు చలికాలం.

బీరపాదు మాత్రం ముందే కాసి, చలి ముదిరేసరికి వడలిపోయేది. ఆఖరి కాపులో మంచి పిందెనొకదాన్ని ఎంచి, నాయనమ్మ దాని తొడిమకు పాతచీర పేలిక కట్టేది. పేలిక కట్టిందంటే అది విత్తనపు కాయ. తీగ మీదే ఎండాలి, ఎవరూ ముట్టకూడదు. ఆ విత్తనం ఆవిడ పుట్టింటిది. ఆ పుట్టిల్లున్న లంకను గోదావరి ఏనాడో కోసుకుపోయింది. కాపురానికి వస్తూ కొంగున ముడేసుకొచ్చిన గింజల సంతతి ఒక్కటే మిగిలింది.

ఒక ఏడు దాచిన గింజలన్నీ ముసురుకు బూజుపట్టి పోయాయి. పాదు మీద పేలిక కట్టిన కాయ ఒక్కటే ఉంది. అప్పుడే తమ్ముడికి టైఫాయిడ్ వచ్చింది. జ్వరం దిగినా వాడు జావ ఉమ్మేసేవాడు, ఎముకలు తేలి మంచానికి అతుక్కుపోయాడు. మెత్తటన్నంలో బీరకాయ పెట్టి చూడండి, చిక్కుడూ వంకాయా వద్దన్నారు డాక్టరు గారు. నాన్నగారు పాలకొల్లు బజారంతా తిరిగి ఉత్త సంచితో వచ్చారు.

అమ్మ దొడ్డివైపు చూసింది. నాయనమ్మే వెళ్లి పేలిక విప్పింది.

"అత్తయ్యగారూ, మీ పుట్టింటి విత్తనమండీ..." అంది అమ్మ.

"పిల్లాడికంటే ఎక్కువేంటే? ముందు పొయ్యి రాజెయ్యి."

ఆ పూట తమ్ముడు నాలుగు ముద్దలు తిన్నాడు. అమ్మ ఏడ్చేసింది. కాయలో గింజలు ఇంకా తెల్లగా, గోరు దిగేంత లేతగా ఉన్నాయి. అవి మొలవవని నాయనమ్మకు తెలియకపోదు. అయినా చేటలో ఆరబెట్టి, బూడిదలో కలిపి దాచి, తొలకరికి నాటి, రోజూ చెంబుతో నీళ్లు పోసింది. ఒక్కటీ మొలవలేదు.

ఆ దొడ్డి ఇప్పుడు రొయ్యల చెరువు. ఏడాది పొడుగునా దొరికే ఈ బీరకాయలకు ఆ కమ్మదనం లేదు. మధ్యాహ్నం తమ్ముడు ముద్ద నోట్లో పెట్టుకుని, "నాయనమ్మ బీరకాయలా లేదేంటక్కా?" అన్నాడు.

"ఆ విత్తనం పోయిందిరా."

"అయ్యో, ఎలా పోయింది?"

జుట్టు నెరిసిన నా తమ్ముడి మొహంలోకి చూశాను. "తినరా," అని ఇంకో గరిటె వడ్డించాను.