కట్టంగూరు కీర్తనలో ఆగే చోటు

1959 జూన్‌లో నన్ను నల్లగొండలోని ఒక మిషన్ చర్చికి క్వయర్ మాస్టరుగా వేశారు. క్వయర్ అంటే ఆరాధనలో పాడే బృందం. ఆదివారం పాటలు ఎంచడం, వారానికి రెండు సాయంత్రాలు సాధన చేయించడం, చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లికైనా సమాధికైనా పాట నడిపించడం నా పని. హోదాలో నేను పాస్టరుగారి కింద, చర్చి కాపలాదారు పైన. ఈ రెండో సంగతి కాపలాదారు ఎన్నడూ ఒప్పుకోలేదు.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. శిక్షణాలయంలో దానియేలు మాస్టారి దగ్గర నాలుగు గొంతుల పాట నేర్చుకున్నాను. ఆడవాళ్లు పై స్వరాలు రెండు, మగవాళ్లు కింది స్వరాలు రెండు పట్టి, ఒకే పాటను నాలుగు దారుల్లో నడిపే పద్ధతి అది. శ్రుతి చూసుకునే ఉక్కు ఫోర్కు ఒకటి ఎప్పుడూ జేబులో ఉండేది. దాన్ని మోకాలికి తట్టి చెవి దగ్గర పెట్టుకుంటే జనం నన్ను గొప్ప విద్వాంసుడనుకుంటారని నా నమ్మకం. చాలామంది చెవిపోటు అనుకున్నారని తరువాత తెలిసింది.

ఆ ఏడు వానలు వెనకబట్టాక కట్టంగూరు నుంచి కబురొచ్చింది. అక్కడి చిన్న సంఘంలో నలభై ఏళ్లుగా పాట ఎత్తుతున్న సామేలు చనిపోయాడు. గొర్రెలు కాసే మనిషి, అక్షరం ముక్క రాదు. పాస్టరుగారు నన్ను వెంట తీసుకెళ్లారు.

శవపెట్టెను గుంతలోకి దించుతుండగా జనం ఒక కీర్తన అందుకున్నారు. నాకు తెలిసిన కీర్తనే. కానీ ప్రతి చరణంలో మూడో పాదం మధ్యకు రాగానే అందరూ ఒక్కసారిగా ఆగుతున్నారు. కీర్తనల పుస్తకంలో అక్కడ విరామం లేదు. మొదటి చరణం ఓర్చుకున్నాను. రెండో చరణంలో చెయ్యెత్తి పాట ఆపించి, "ఇక్కడ ఆగకూడదు, మళ్లీ మొదటి నుంచి" అన్నాను. పాటతో పాటు తాళ్లు పట్టుకున్న నలుగురు కూడా ఆగిపోయారు. పెట్టె సగంలో వేలాడింది.

సామేలు భార్య మార్తమ్మ తలెత్తి నా వైపు చూసింది. "ఆళ్ల చేతులు గుంజుతున్నయి సారూ. జర పాట కానియ్యిండ్రి. ఆయిన గిట్లనే పాడిండు."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే కొంత నయంగా ఉండేది. పాట మళ్లీ మొదలైంది. ఆ చోటికి రాగానే అందరూ ఆగారు. నేను ఆగలేదు. గుంత మీద నా గొంతు ఒక్కటే వినిపించింది.

తిరుగు బస్సు నల్లగొండలో దిగాక పాస్టరుగారు నన్ను ప్రతి శనివారం కట్టంగూరు వెళ్లి రమ్మన్నారు. నేర్పడానికి కాదు అని కూడా చెప్పారు.

మార్తమ్మ అరుగు మీద ఆముదపు కాయలు ఒలుస్తూ ఒక్కో పాదం పాడేది, నేను తిరిగి అనేవాణ్ణి. పుస్తకం తెరిస్తే ఒప్పుకునేది కాదు. "దాంట్ల జూస్తే నా దిక్కు జూడవు. మూసెయ్యి" అనేది. మూడో వారానికే 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. నా ఉద్యోగంలో నాకు దక్కిన మొదటి ప్రమోషన్ అదేననుకుంటాను.

పాట నేర్చుకున్నాక ఊరుకుంటే బాగుండేది. ఆ విరామం మీద నాకొక సిద్ధాంతం పుట్టింది. అది దుఃఖాన్ని దిగమింగుకునే చోటనీ, ప్రాచీనమైన ఏదో తాళ సంప్రదాయానికి మిగిలిన ఆనవాలనీ దానియేలు మాస్టారికి ఎనిమిది పేజీల ఉత్తరం రాశాను. నల్లగొండ క్వయర్‌కు కూడా నేర్పి, ఆ చోట అందరూ తల వంచాలని నియమం పెట్టాను. మాస్టారి నుంచి కార్డు వచ్చింది. ఉత్తరం బాగుందట. ఎందుకు ఆగుతారో ఆమెను అడిగావా అని కింద రాశారు.

అడగలేదు. ఆ శనివారం అడిగాను, సిద్ధాంతమంతా చెప్పి మరీ.

మార్తమ్మ కాయలు ఒలవడం ఆపింది. "తాళమేంది బిడ్డా? ఆయినకు దమ్ము రోగముండె. ఆడికొచ్చేసరికి ఊపిరందకపోయేది. ఆయిన కోసం మేమంత ఆగేటోళ్లం" అంది. నవ్వింది, నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

అయితే ఇప్పుడు తీసేద్దామా అని అడిగాను.

"ఎందుకు తీసుడు? ముసలోళ్లమందరం గాడనే ఊపిరి తీసుకుంటున్నం. నీకు గూడ అక్కరొస్తదిలే."

నల్లగొండ వచ్చి క్వయర్‌కు ఉన్న మాట చెప్పాను. తల వంచడం తీసేశాం, విరామం ఉంచాం. కింది స్వరం పాడే బీడీలరాయుళ్లు అందరికంటే ఎక్కువ సంతోషించారు.

ఆ తరువాత మరో ముప్పై ఏళ్లు ఇదే పని చేశాను. కొత్త సంఘానికి బదిలీ అయినప్పుడల్లా మొదటి రెండు ఆదివారాలు వెనక బెంచీలో కూర్చుని విన్నాను. పుస్తకానికి తేడా వస్తే గుర్తు పెట్టుకుని, పాట ముగిశాక, పాడినవాళ్లనే కారణం అడిగాను. కొన్నిసార్లు అది నిజంగా తప్పే, దిద్దాను. కొన్నిసార్లు తప్పు పుస్తకానిది. ఎవరిదైనా సరే, మొదలైన పాటను మధ్యలో ఆపించడం మాత్రం మళ్లీ చేయలేదు.