గేటు లింగయ్య జూపార్కుకు పోయిన ఆదివారం

మాదాపూర్‌లోని ఆ కంపెనీలో లింగయ్యలు ముగ్గురు. ఒకాయన చెట్లకు నీళ్లు పెడతాడు, ఒకాయన క్యాబు నడుపుతాడు, మూడో ఆయన గేటు లింగయ్య. ఎనిమిదేళ్లుగా రెండో నంబరు గేటే ఆయన లోకం. లోపలికి పోయినవాడి పేరు, టైము; బయటికి వచ్చినవాడి పేరు, టైము. రాయకుండా ఎవర్నీ వదలడు. ఒకసారి కంపెనీ పెద్దసారునే కార్డు లేదని పది నిమిషాలు నిలబెట్టాడు. ఆ సారు మెచ్చుకుని చేయి కలిపాడట. ఆ ముచ్చట విననివాళ్లు ఆయనుండే పుప్పాలగూడలో ఎవరూ మిగల్లేదు.

ఇంట్లోనూ అదే యవ్వారం. రెండు గదుల కిరాయి ఇంట్లో, పడుకునే ముందు గడప దగ్గర చెప్పుల జతలు లెక్కపెడతాడు. మూడు జతలుంటేనే గొళ్లెం. భార్య చంద్రమ్మ ఇంకో కంపెనీలో హౌస్‌కీపింగ్ పని చేస్తుంది. ఫినాయిలు, యాసిడ్ వాసనలకు ఆమెకు ఆయాసం పట్టుకుంది, నోట్లో కొట్టుకునే పంపు ఎప్పుడూ దగ్గరుండాలి. ఒక్కతే బిడ్డ, ప్రవళిక. పదిహేడేళ్లు. ఇంటర్ రెండో ఏడు.

ముందటేడు తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరిగినప్పుడు కాలేజీ పిల్లలు కంపెనీలు మూయించడానికి మాదాపూర్ వచ్చారు. రెండో నంబరు గేటు ముందు నినాదాలు మొదలయ్యాయి. పైనుంచి ఆర్డరు వచ్చింది, చీమను కూడా రానీయొద్దని. లింగయ్య తాళం వేశాడు. అంతలో వెనకనుంచి పోలీసులు లాఠీలు ఎత్తారు. పిల్లలు తప్పించుకునే దారిలేక గేటు మీద పడ్డారు. ఊచల నడుమనుంచి ఒక చేయి లోపలికి వచ్చింది. "నాయినా, గేట్ తియ్యి" అన్న గొంతు విన్నాడు. తెలిసిన గొంతే. తాళంచెవి ఆయన నడుముకే ఉంది. లింగయ్య తియ్యలేదు.

సాయంత్రం ప్రవళిక మణికట్టుకు పట్టీతో ఇల్లు చేరి, బస్సు దిగుతుంటే పడ్డానని తల్లికి చెప్పింది. లింగయ్య ఆ చేతి దిక్కు చూసి, అన్నం తిని పడుకున్నాడు. ఏడాది గడిచింది. తండ్రీబిడ్డలు మాట్లాడుకోకపోలేదు. కరెంటు బిల్లు గురించి, గ్యాసు గురించి, నల్లా నీళ్ల గురించి మాట్లాడుకున్నారు.

ఇప్పుడు ఆ ఆదివారం మళ్లీ తెలంగాణ కోసమే సాగరహారం. హుస్సేన్‌సాగర్ దగ్గర లక్షల మంది చేరతారని ఊరంతా ఒకటే మాట. ఎక్కడ చూసినా కంచెలు, పోలీసులు. ప్రవళిక ఫోనుకు శుక్రవారం నుంచి మెసేజీలు టింగుటింగుమంటూనే ఉన్నాయి. లింగయ్యకు భయం పట్టుకుంది. మళ్లీ లాఠీ పడితే? కేసు పెడితే? పిల్ల చదువు ఏం గాను? తెలంగాణ రావాలని ఆయనకూ ఉంది, కానీ తన బిడ్డ మణికట్టు మీదుగా రానక్కరలేదు.

అందుకని ఎన్నడూ లేనిది, డ్యూటీ మార్చుకుని జూపార్కు అన్నాడు. బిడ్డ ఒకటో తరగతిలో ఉన్నప్పుడు చేసిన వాగ్దానం అది. పదకొండేళ్లు బకాయి పడ్డ మాట.

"నేనేమన్న చిన్నపోరినా నాయినా, జూపార్కుకు పోనీకి?" అంది ప్రవళిక.

"మీ అమ్మ కూడ చూడలే. పులి ఎట్లుంటదో చూడనీ."

ప్రవళిక తల్లి ముఖం చూసింది. చంద్రమ్మ అప్పటికే మంచి చీర తీసి మంచం మీద పెట్టుకుంది. పిల్ల ఫోనులో ఏదో రాసి పంపి, తల దువ్వుకోవడానికి పోయింది. హడావిడిలో చంద్రమ్మ పంపు కిటికీలోనే ఉండిపోయింది.

జూపార్కు బయట పార్కింగు కాంట్రాక్టరు దగ్గర సుబ్బరాయుడు పని చేస్తున్నాడు. కాకినాడ దిక్కు మనిషి. మూడేళ్లు రెండో నంబరు గేటు దగ్గర లింగయ్యకు జోడీగా రాత్రి డ్యూటీ చేసినవాడు. ఆంధ్రా తెలంగాణా అని ఊరంతా కొట్టుకుంటున్నా వీళ్లిద్దరికీ ఒకే టీ, రెండు కప్పులు. ఆడవాళ్లు ముందు నడుస్తుంటే లింగయ్య వెనకబడి అతనికి గేటు మనుషుల పద్ధతిలో గుర్తులు చెప్పాడు.

"ఆకుపచ్చ చున్నీ. భుజానికి నల్ల సంచి. ఒక్కతే బయటికొస్తే ఆపు."

"ఎందుకండి లింగయ్యగారూ, పెద్దపిల్ల కదా?"

"అందుకే చెప్తున్న. సాగర్ దిక్కు పోతది. జర నా మాట విను."

సుబ్బరాయుడు సరేనన్నాడు. గేటు మనిషి గేటు మనిషికి మాటిస్తే అది రిజిస్టరులో రాసినట్టే.

లోపల బాగానే గడిచింది. నీటిగుర్రం నోరు తెరిస్తే చంద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మెడ పొడుగు జంతువును చూసి, దానికి గొంతునొప్పి వస్తే ఎంత మందు పోయాలో అని అడిగింది. ప్రవళిక కూడా నవ్వింది, తల్లికి ఫోటోలు తీసింది. లింగయ్య మాత్రం జంతువులను చూడలేదు. ప్రతి మలుపులోనూ వెనక్కి తిరిగి ఒకటి, రెండు అని లెక్కపెట్టాడు. పులి దగ్గర కూడా ఆయన చూసింది కందకం ఎంత లోతు, తలుపుకు తాళాలు ఎన్ని అనే.

పులులను బస్సులో దగ్గరగా చూపించే సఫారీకి టికెట్లు తెస్తానని వరసలో నిలబడ్డాడు. ఆడవాళ్లను వేపచెట్టు కింద బెంచీ మీద కూర్చోబెట్టాడు. వరస కదలడం లేదు. టైము చూద్దామని ఫోను తీస్తే బిడ్డ ఫోను నుంచి రెండు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. డ్యూటీ అలవాటు కొద్దీ శబ్దం తీసేసి పెట్టాడు. ఇంతలో సుబ్బరాయుడి పేరు వెలిగింది.

"మీ అమ్మాయి బయటికొచ్చేసిందండి. మందులషాపు ఎక్కడని అడుగుతోంది. అమ్మకి బాలేదంటోంది."

లింగయ్యకు నవ్వు వచ్చింది. ఎనిమిదేళ్లలో ఆ గేటు దగ్గర ఎంతమంది అమ్మలకు బాగాలేకుండా పోయిందో ఆయనకు తెలుసు. కొత్త సినిమా వచ్చిన శుక్రవారం ఒక్కరోజే ఏడుగురు అమ్మలు.

"గేటు కాడ అందరు అదే చెప్తరు. కూసోబెట్టు."

"ఏడుస్తోందండి పాపం. ఫోనిస్తాను, మాట్లాడండి."

"వద్దు. మాట్లాడితే నేను మెత్తబడుత. పోనియ్యకు."

ఫోను జేబులో పెట్టుకున్నాడు. బాధగానే ఉంది, కానీ గండం గడిచిందనే నమ్మకం కూడా ఉంది. పావుగంట తర్వాత మూడు టికెట్లు చేతికి వచ్చాయి.

వేపచెట్టు కింద జనం గుమిగూడి ఉన్నారు. నడుమ చంద్రమ్మ బెంచీ అంచు రెండు చేతులా పట్టుకుని ముందుకు వంగి ఉంది. ఊపిరి లోపలికి పోవడం లేదు, పెదాలు నల్లబడ్డాయి. ఎవరో బురఖా ఆమె వీపు రాస్తూ, "పంప్ లానే కూ బేటీ గయీ, అభీ తక్ నై ఆయీ" అంది. పంపు తేవడానికి పోయిన బిడ్డ ఇంకా రాలేదట.

లింగయ్య నంబరు రెండుసార్లు తప్పు నొక్కాడు. "ఇడిచిపెట్టు సుబ్బరాయుడూ, ఇడిచిపెట్టు" అన్నాడు.

మందులషాపు నుంచి కొత్త పంపు పట్టుకుని ప్రవళిక పరుగెత్తుకుంటూ వచ్చింది. చున్నీ లేదు, ఎక్కడ జారిపోయిందో. పంపు తల్లి నోటికి పెట్టి, ఒకటి, రెండు అని లెక్కపెడుతూ నొక్కింది. కొంతసేపటికి చంద్రమ్మ భుజాలు కిందికి దిగాయి. ఇంకాసేపటికి కళ్లు తెరిచి, "ఎందుకంత పరేషాన్, నేను మంచిగనే ఉన్న" అంది.

ఆ తర్వాత ఎవరూ సఫారీ మాట ఎత్తలేదు. బస్టాపులో చంద్రమ్మను అరుగు మీద కూర్చోబెట్టి తండ్రీబిడ్డలు పక్కగా నిలబడ్డారు. బస్సులు తక్కువగా ఉన్నాయి. మబ్బు పట్టింది. సాగర్ దిక్కు పోయే ఆటోలు జెండాలతో ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి, రమ్మని చేతులూపుతున్నాయి.

"నేను పోనని మా దోస్తులకు పొద్దున్నే మెసేజ్ పెట్టిన," అంది ప్రవళిక. "అమ్మ చీర తీసి పెట్టుకుందని."

లింగయ్య తల వంచుకున్నాడు. "ఆ దినం చెయ్యి బాగ నొచ్చిందా?" అని అడిగాడు. ఏడాది ఆలస్యంగా వచ్చిన ప్రశ్న.

"చెయ్యి కాదు నాయినా. గలాటల నువ్వు నన్ను గుర్తుపట్టలేదు కావచ్చు, అందుకే తియ్యలేదు అనుకున్న. ఇంటికొచ్చినంక నా చెయ్యి దిక్కు చూసి, ఏమైందని అడగకుండ అన్నం తిన్నవు చూడు. అప్పుడు తెలిసింది."

"గుర్తుపట్టిన బిడ్డా," అన్నాడు లింగయ్య. ఆర్డరు, నౌకరి అంటూ ఇంకేదో చెప్పబోయి ఊరుకున్నాడు.

మెహిదీపట్నం బస్సు కిక్కిరిసి వచ్చింది. ఆడవాళ్లు ముందు తలుపు, మగవాళ్లు వెనక తలుపు. ఎప్పుడైనా ఆయన తల్లీబిడ్డలను ఎక్కించి, చూసి, ఆ తర్వాత వెనక్కి ఉరుకుతాడు. ఆ పక్కనే ఇంకో జెండా ఆటో ఆగి ఉంది, అందులో ఇద్దరు ఆడపిల్లల పక్కన చోటుంది. ప్రవళిక తల్లిని చేయి పట్టి లేపుతూ, "నువ్వు పోయి ఎక్కు నాయినా, నన్ను లెక్కపెట్టకు" అంది.

లింగయ్య వెనక తలుపు దగ్గరికి పోయి ఎక్కాడు. తిరిగి చూడలేదు. బస్సు కదిలింది. నడుమ అన్నీ తలలే, ముందు ఎవరున్నారో కనబడదు.

కండక్టరు వచ్చి, "ఎందరు?" అన్నాడు.

మెడ సారించి చూద్దామని ప్రాణం కొట్టుకుంది. లింగయ్య కడ్డీని గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు.

"మూడు మెహిదీపట్నం. ముందల ఇద్దరున్నరు."

కండక్టరుకు ఆ మాటల మీద నమ్మకం లేదు. అతనిదీ లెక్క నౌకరే. జనం తలల మీదుగా, "ముందల మెహిదీపట్నం ఇద్దరు ఎవరమ్మా?" అని కేకేశాడు.

కాసేపు ఇంజిను చప్పుడే వినబడింది. తర్వాత ముందునుంచి ప్రవళిక గొంతు వచ్చింది. "మేమే. మా నాయిన తీసుకుంటుండు."