చేతి మీద రాసిన నంబర్

ఎల్బీ నగర్‌లో బస్సెక్కేదాకా ధైర్యంగానే ఉన్నాను. కొత్తపేట దాటుతుంటే వరుసగా పోలీసు వ్యాన్లు కనిపించాయి. ఉద్యోగ నోటిఫికేషన్ల కోసం మా ధర్నా దిల్‌సుఖ్‌నగర్‌లోనే. అక్కడ దిగకుండా ముందుకెళ్లిపోదామనుకుంటూ ప్లకార్డును బ్యాగులోకి తోశాను.

పక్కసీట్లో కూరగాయల సంచితో ఉన్నామె చూసింది.

"ధర్నాకా బిడ్డా? ఫోన్లు గుంజుకుంటరు. మా పెద్దపిల్లకు గట్లనే అయింది. పట్కపోతే ఎవరికి చెప్పిస్తవు?"

"ఇంట్ల తెల్వదమ్మా."

ఆమె నా పెన్ను తీసుకుని నా మణికట్టు మీద పది అంకెలు ఒత్తి రాసింది.

"ఎవరిదిది?"

"నాదే. ఎవ్వలు రాకుంటే నేనొస్త."

దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాను. ధర్నాలో పోలీసులు పట్టుకుని ఎక్కించిన వ్యాన్‌లో కూర్చున్నంతసేపూ ఆ అంకెలే చదువుకున్నాను. సాయంత్రం వదిలేశారు, ఆమెకు ఫోన్ చేసే అవసరం రాలేదు.

ఇవాళ్టికీ చూడకుండా నేను చెప్పగలిగే నంబర్ అదొక్కటే.