పొంగని బీరు

కడప ఓబులేసు పని నీళ్లను పరీక్షించడం. గల్ఫ్ యుద్ధం ముగిసిన ఏడాది, సముద్రం మీద చమురు తెట్టు ఇంకా పోని రోజుల్లో, సౌదీలోని జుబైల్‌లో ఒక ల్యాబులో చేసేవాడు. పడక మాత్రం మా కార్మికుల క్యాంపులోనే. ఒట్టి భయస్తుడు. పోలీసు జీపు కనబడితే రోడ్డు దాటి అవతలి పక్కన నడిచేవాడు.

ఆయన పక్క మంచం నాగేందర్‌ది. జగిత్యాల నుంచి వచ్చిన వెల్డర్. మాల్ట్ రసం, చక్కెర, ఈస్టు కలిపి దొంగచాటుగా బీరు చేసేవాడు. దొరికితే జైలూ కొరడా దెబ్బలూ అని తెలిసి కూడా గ్లాసులు పట్టుకుని వరసలో నిలబడేవాళ్లం. నాకైతే అది పులిసిన గంజిలా ఉండేది. అయినా మానలేదు.

ఆ నెల బీరు పొంగలేదు. మళ్లీ కలిపినా అంతే. తప్పు నీళ్లదేనని నాగేందర్ ఒక సీసా నింపి ఓబులేసు చేతిలో పెట్టాడు. ఉప్పెంతో, సున్నమెంతో చెబితే చాలన్నాడు. అప్పటికే మా వంటవాడు బాషా కామెర్లతో మంచం పట్టి ఉన్నాడు. ఎండలకు వచ్చాయనుకున్నాం.

మర్నాడు ఓబులేసు ల్యాబు నుంచి ఫలితం తెచ్చాడు. ఉప్పూ సున్నమూ బీరుకు సరిపోయాయట. నైట్రైట్ మాత్రం ఉండకూడనంత ఉందట. ఈస్టును చంపుతున్నది అదే. దానికి తోడు అమ్మోనియా. అంటే మా క్యాంపు నీళ్ల ట్యాంకులోకి మురుగు దిగుతోంది.

“బాషాకు కామెర్లు ఎండకు రాలేదబ్బా. మనందరం తాగేది ఆ నీళ్లే. మేనేజరుకు చెప్పాల,” అన్నాడు.

“ఎందుకు టెస్ట్ జేసినవంటే ఏం జెప్తవన్నా? నన్ను జైల్ల ఏస్తరు,” అన్నాడు నాగేందర్.

ఓబులేసు వెళ్లి చెప్పాడు. నాగేందర్ పేరు మాత్రం చెప్పలేదు. బీరు తనదేనన్నాడు, దాని రుచి కూడా ఎరగని మనిషి.

సాయంత్రానికి పోలీసు జీపు వచ్చింది. బీరు డ్రమ్ములు బయటికి లాగి ఇసుకలో పారబోశారు. ఈస్టు ఎక్కడిది, ఎవరెవరు తాగారు అని గుచ్చి గుచ్చి అడిగారు. ట్యాంకు వైపు ఒక్కడూ తల తిప్పలేదు. ఆ ఒళ్లుమంట నాకు ఇప్పటికీ తగ్గలేదు.

జీపెక్కుతూ ఓబులేసు మాతో ఒక్క మాటే అన్నాడు.

“కాసి తాగండి.”

నాగేందర్ బీరుకు వాడే పెద్ద డేగిసా వంటగది గిన్నెల మధ్య ఉండి వాళ్ల కంటపడలేదు. మర్నాటి నుంచి అతను అందులోనే క్యాంపు మొత్తానికి నీళ్లు కాచాడు. మేం మళ్లీ గ్లాసులు పట్టుకుని వరసలో నిలబడ్డాం. అతను పోస్తుంటే ఎవరమూ అతని మొహంలోకి చూడలేదు.