మా మేనత్త తుపాకీకి గొట్టం మార్చినవాడు

మా మేనత్త పోయింది. బొగ్గు బాయిలో ఫస్ట్ షిఫ్టుకు దిగబోతూ ల్యాంపు రూము దగ్గర నిలబడి ఉండగా ఆమె కూతురు ఫోన్ చేసింది. "బావా, అమ్మను అడివి పంది కొట్టింది. భద్రాచలం దవాఖానాకు తీస్కపోతుంటె తొవ్వలనే పానం పోయింది" అన్నది. చేతిలోని ల్యాంపు తిరిగి ఇచ్చేసి ములకలపల్లి బస్సెక్కాను. దారి పొడుగునా కంట నీరు రాలేదు. పళ్లు బిగబట్టుకుని కూర్చున్నాను. పంది చంపిందని అందరూ అంటున్నారు. పందికంటే ముందు ఇంకొకడున్నాడు. ఆ సంగతి దాచిపెట్టి ఆమె మంచితనం గురించి నాలుగు ముక్కలు రాయడం నాకు చేతకాదు.

మా అత్తది అడవిని ఆనుకుని ఉన్న పల్లె. చేను గట్టు దాటితే టేకు చెట్లే. మామ బతికున్నప్పుడు పంట కాపలాకని లైసెన్సు తీసుకున్న నాటు తుపాకీ ఒకటి ఉండేది. గొట్టం మూతిలోంచి మందు పోసి, ఇనుప ఊచతో దట్టించి పేల్చే పాతకాలపుది. మామ పోయాక అత్త ఆఫీసుల చుట్టూ తిరిగి లైసెన్సు తన పేరు మీదికి మార్పించుకుంది. "ఆడమనిషివి, నీకు తుపాకేందమ్మా?" అని ఒక గుమాస్తా నవ్వాడట. "ఇది ఆడమనిషి చేను అని పందులు ఇడిసిపెడ్తయా సారూ?" అని అడిగిందట.

చీర మీద మామ పాత చొక్కా తొడుక్కుని సాయంత్రం మంచె ఎక్కేది. మందు దట్టించేది కానీ సీసపు రవ్వలు వేసేది కాదు. వట్టి చప్పుడే. నేనొకసారి ఎందుకని అడిగితే, "పందిని సంపితె ఫారెస్టోళ్లు నన్ను తీస్కపోతరు. సప్పుడు జేస్తె పందే పోతది. ఏది నయం అల్లుడా?" అన్నది. తుపాకీ పేల్చాక గొంతెత్తి తిట్టేది. ఒక్కో పందికి ఒక్కో చుట్టం పేరు పెట్టి మరీ తిట్టేది. మా నాన్న పేరు కూడా ఆ మందలో ఉండేది. ఆ సంగతి మా నాన్నకు తెలుసు, తలుచుకుని నవ్వుకునేవాడు.

ఒక వానాకాలం గొట్టం వెనక భాగంలో సన్నని పగులు కనపడింది. పేల్చినప్పుడు అందులోంచి పొగ వచ్చిందట. అత్త ఆ రోజే పేల్చడం మానేసింది. గొట్టం మార్చాలంటే పర్మిషన్ కావాలని, ఖమ్మంలో లైసెన్సున్న షాపులోనే చేయించాలని ఆమెకు తెలుసు. అప్పుడే ఆమె మరిది కొడుకు వచ్చాడు. చిన్నప్పుడు ఆమె చేతి ముద్దలు తిని పెరిగినవాడే. "నువ్వెక్కడ తిరుగుతవ్ పెద్దమ్మా, పర్మిషన్ నేను తెస్త, గొట్టం నేను ఏపిస్త" అన్నాడు. నమ్మి ఇచ్చింది.

పర్మిషన్ లేదు, షాపూ లేదు. ఎక్కడో దొంగచాటుగా పనిచేసే వాడితో వెడల్పాటి గొట్టం వేయించాడు. పెద్ద జంతువు పడిపోవాలంటే పెద్ద గుండు పట్టాలి కదా. ఆ నెలంతా దోస్తులతో అడవిలో తిరిగాడు. వాళ్లింట్లో దుప్పి మాంసం ఉడికిన వాసన వాడకట్టు అంతటికీ తెలుసు. ఆ తర్వాత తుపాకీ తుడిచి తెచ్చి ఇచ్చాడు.

అత్త అలవాటుగా ఊచ లోపలికి దింపింది. ఎప్పుడూ బిగుతుగా దిగే ఊచ అటూ ఇటూ కొట్టుకుంది. గొట్టం మూతిలో బొటనవేలు పెట్టి చూసింది. వేలు లోపలికి పోయింది.

"ఏందిరా ఇది? నా గొట్టమేది?"

"పాత ఇనుముల ఏసిన పెద్దమ్మా. గిది గట్టిది."

"లైసెన్సుల రాసిన నంబరున్న గొట్టం పాత ఇనుముల ఏసినవా? దీంట్ల ఎంత మందు పొయ్యాల్నో నాకేం తెలుస్తది? పేలితె ముందుగాల నా మొఖమే పోతది. ఇది సప్పుడు తుపాకి కాదు, సంపే తుపాకి. నా ఇంట్ల ఉండొద్దు."

తెల్లారగానే తుపాకీని గోనెసంచిలో చుట్టి తనే ఠాణాకు తీసుకుపోయింది. జరిగింది జరిగినట్టు చెప్పింది. నా గొట్టం నాకు ఇప్పించండి అని అడిగింది. తుపాకీ వాళ్ల దగ్గరే ఉండిపోయింది. లైసెన్సు ఎవరి పేరున ఉంటే కేసు వాళ్ల మీదనే అన్నారు. వాణ్ని పిలిచి అడిగితే, "నాకేం తెల్వది సార్, పెద్దమ్మనే మార్పిచ్చుకున్నది" అన్నాడు. ఆమె ముందు నిలబడి, ఆమె ముఖం చూస్తూ అన్నాడు.

తర్వాత వాడి తండ్రి పెద్దమనుషులను వెంటేసుకుని వచ్చాడు. "పిలగానికి నౌకరి వచ్చే టైము వదినా. కేసైతె బతుకు ఖరాబైతది. నీకేం, ముసల్దానివి. నేనే మార్పిచ్చిన అని ఒక్క మాట చెప్పరాదు?"

"ముసల్దాని పేరుకు మైల అంటకుంట ఉంటదా?" అని ఆమె తలుపేసుకుంది. పెద్దమనుషులు దాన్ని పొగరు అన్నారు. వాణ్ని మాత్రం ఒక్క మాట అడగలేదు. నాకు ఇప్పటికీ వాడికంటే వాళ్ల మీదే ఎక్కువ మండుతుంది. వాడికి భయం ఉంది. వాళ్లకు ఏముంది? సాయంత్రానికి మళ్లీ వాడితోనే కూర్చుని టీ తాగారు.

కోర్టు వాయిదాలకు కొత్తగూడెం వచ్చినప్పుడల్లా మా క్వార్టర్లో దిగేది. కొంగులో మక్క కంకులు కట్టుకుని వచ్చేది. కాల్చి నా పిల్లలకు వలిచి పెట్టేది. ఒకసారి కోర్టు వరండాలో వకీలు, "ఒప్పుకో అమ్మా, చిన్న శిక్షతో పోతది" అన్నాడు. "చెయ్యని తప్పుకు చిన్న శిక్ష మాత్రం ఎందుకు సారూ?" అన్నది. వకీలు ఫైలు మూసి తర్వాతి వాయిదా తేదీ రాసిచ్చాడు. బయటికి వచ్చాక నాతో, "నాకు తుపాకి మీద రంది లేదు అల్లుడా. వాడు నా దిక్కే సూసుకుంట అబద్ధమాడిండు. కింద సూసి ఆడినా కడుపు ఇంత కాలకపోవు" అన్నది.

ఈ ఏడు మక్క కంకులు పాలు పట్టాయి. తుపాకీ లేదు. పాత నూనె డబ్బా మీద కర్రతో కొడుతూ చేను చుట్టూ తిరిగింది. కొన్నాళ్లకు పందులు ఆ చప్పుడుకు అలవాటు పడ్డాయి. ఆ రోజు తెల్లవారుజామున పిల్లలున్న పంది ఒకటి చేలోంచి కదలలేదు. అత్తా వెనక్కి తగ్గలేదు. తొడ చీలిపోయింది. పక్క చేనువాళ్లు అరుపులు విని పరుగెత్తి వచ్చేసరికి నేలంతా నెత్తురు.

నిందితురాలు చనిపోయింది కాబట్టి కేసు మూసేస్తారని వకీలు చెప్పాడు. అంటే తేలదన్నమాట. తప్పు చేయలేదన్న మాట వినకుండానే ఆమె వెళ్లిపోయింది. వాడికి నౌకరి వచ్చింది.

పెద్దకర్మ నాడు వాడు తెల్లచొక్కా వేసుకుని వచ్చి భోజనాల బంతిలో కూర్చున్నాడు. అత్త కూతురు అన్నం గంప పట్టుకుని వడ్డిస్తూ వచ్చింది. వాడి విస్తరి దాటి పక్కవాళ్లకు పెట్టింది. వెనక పప్పు తెస్తున్న ఆమె అది చూసి తనూ దాటింది. ఆ వెనక కూర తెస్తున్నామె కూడా. ముందే ఎవరూ ఎవరితో అనుకున్నది కాదు.

వాడి తండ్రి అవతలి కొస నుంచి అరిచాడు. "ఏందమ్మా, ఇటు పెట్టకపోతిరి?"

అత్త కూతురు ఆగింది. "గొట్టం ఎవరు మార్పిచ్చిన్రో నోరు తెరిచి చెప్పమను చిన్నాయినా. చెప్తె నా చేతులతోనే పెడ్త."

బంతిలో వాళ్లంతా వాడి వైపు తిరిగారు. వాడు ఖాళీ విస్తరి అంచు సర్దుకున్నాడు. కాసేపటికి అందరూ అన్నం కలుపుకోవడం మొదలుపెట్టారు. అడవి వైపు నుంచి గాలి వీచింది. అన్నం బరువున్న విస్తళ్లు కదలలేదు. వాడి ఖాళీ విస్తరి ఒక్కటే లేవబోయింది. అది ఎగిరిపోకుండా రెండు అరచేతులతో అదిమిపట్టుకుని, తల వంచుకుని, వాడు అలాగే కూర్చున్నాడు.