షమీ మెళ్ళో పలక

మా చిన్నప్పుడు... బడి వదలగానే వన్ టౌన్ కొండ మీది ఇళ్ళకు పిల్లలంతా పోటీలు పడి మెట్లెక్కేవారు. మా ఆఖరి చెల్లెలు షమీ మాత్రం సగంలోనే కూలబడేది. గౌను జేబులోంచి సుద్ద బలపం తీసి నోట్లో వేసుకునేది. కరకరమని చప్పుడు...

నిజానికి అది షమీ చిన్నతనం. తొంభైల మొదటి రోజులు. అది రెండో తరగతి, నేను ఇంటర్. మా ఇంట్లో పిల్లలందరికీ పెద్దదాన్ని, వాళ్ళకు ఆపాని, అంటే అక్కని. అమ్మీ, అబ్బా ఇద్దరూ కుట్టు మిషన్ల మీద ఉండేవారు కాబట్టి చిన్నదానికి తల దువ్వడం, అన్నం పెట్టడం నా పని.

బలపం కొరకని పిల్లలు ఆ రోజుల్లో ఎవరున్నారు లెండి... కానీ షమీ సంగతి వేరు. బలపాలు అయిపోతే గోడ సున్నం గోకి తినేది. తొలకరి పడితే మట్టిగోడకు ముక్కు ఆనించి నిలబడేది. నువ్వుండ చేతిలో పెడితే అన్నకిచ్చేసి, పెట్టెలో బలపం ముక్క కోసం వెతుక్కునేది. ఆటల్లో కూడా ఎప్పుడూ అరుగు మీదే. బద్ధకం అన్నారు అందరూ.

మా నాన్నమ్మ, దాదీ అనేవాళ్ళం... ఆవిడ దీనికో మందు కనిపెట్టింది. పచ్చిమిరపకాయ చీల్చి పెదవులకు రాయడం. మూతి మండితే బుద్ధి అదే వస్తుందనేది. మండింది. అది బలపం మానలేదు... చాటుగా తినడం నేర్చుకుంది.

ఒకరోజు జడ వేస్తూ అడిగాను, ఎందుకే అని.

"నేను తినట్లేదు ఆపా. నోరే అడుగుద్ది," అంది.

ఆ మాట ఇంట్లో చెబితే అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

తర్వాత బడిలో పక్కపిల్లల బలపాలు పోవడం మొదలైంది. బిస్కెట్లు పోలేదు, రిబ్బన్లు పోలేదు... బలపాలే. దొంగబుద్ధి ఉన్న పిల్ల బిస్కెట్టు వదిలేసి బలపం ఎందుకు తీస్తుంది? ఆ ప్రశ్న ఒక్కరూ వేసుకోలేదు. టీచర్ దాని పలక మీదే 'బలపాల దొంగ' అని రాసి, తాడు కట్టి మెళ్ళో వేసింది. క్లాసు క్లాసుకీ తిప్పించింది.

ఆ సాయంత్రం షమీ ఆ పలకతోనే కొండెక్కి వచ్చింది. తియ్యమని నన్ను కూడా అడగలేదు. తాడు నేనే విప్పాను.

మర్నాడు కాలేజీ మానేసి దాన్ని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ కింది కనురెప్ప లాగి చూసింది. లోపల ఎరుపే లేదు. మెట్లెక్కితే ఆయాసపడుతుందా అని అడిగింది. సుద్ద గానీ మట్టి గానీ తింటుందా అని, నేను చెప్పకముందే అడిగింది.

"ఒంట్లో రక్తం లేదమ్మా పాపకి. రక్తం తగ్గితే కొందరు పిల్లలు ఇట్లాగే తింటారు. మూతి ఇట్లా కందిందేంటి? బాధపెడితే రక్తం పట్టుద్దా?"

నులిపురుగుల మందు, ఐరన్ టానిక్... ఇంట్లో తోటకూర, వీలైనప్పుడల్లా మేక కార్జం వేపుడు. రంజాన్ వచ్చేసరికి షమీ మెట్ల మీద నాకంటే ముందుంది. పెట్టెలో బలపం ఉన్నా దాని వంక చూడలేదు. ఎవరూ మాన్పించలేదు... అదే మానేసింది.

అప్పుడు షమీని వెంటబెట్టుకుని బడికి వెళ్ళాను. డాక్టరమ్మ చెప్పిందంతా టీచర్‌కు చెప్పాను. పోనీలే, తగ్గింది కదా అందావిడ. నేను అందుకోసం వెళ్ళలేదు.

"పలక మీద రాసింది మీరే కదండీ... ఇది దొంగ కాదు, ఒంట్లో బాగోక తిన్నదని పిల్లలందరికీ మీరే చెప్పండి," అన్నాను.

"పిల్లలే కదమ్మా, రేపటికి మర్చిపోతారు. నువ్వింకా ఇంటరేగా... టీచర్ ట్రైనింగ్ అయ్యాక వచ్చి నేర్పుదువుగాని మాకు," అని నవ్వింది. పక్కనున్న టీచర్లూ నవ్వారు. షమీ నా ఓణీ కొంగు పట్టుకుని అంతా వింది.

నేను గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేదేమో కూడా తెలియదు.

పిల్లలు మర్చిపోలేదు. అది ఆ బడిలో ఉన్నన్నాళ్ళూ దాని పేరు బలపాల దొంగే.

దాదీని ఎప్పుడో క్షమించాను. తెలియక చేసింది. డాక్టరమ్మ మాట విన్నాక షమీని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఏడ్చింది కూడా. టీచర్ అలా కాదు... తెలిశాక నవ్వింది. ఐదు పూటలా నమాజు చేస్తాను. మాకు కీడు చేసినవాళ్ళను మాఫ్ చెయ్యమని దువాలో అడుగుతాను. ఆవిడ దగ్గరికి వచ్చేసరికి ఈ రోజుకీ నా పెదవి కదలదు. నా కోపం అల్లాకు తెలుసు. దాచుకోవడం లేదు.

షమీది ఇప్పుడు ఉయ్యూరులో కాపురం. ఇద్దరు పిల్లలు. మొన్న వాళ్ళింట్లో అందరం కలిసి భోజనానికి కూర్చున్నాం. ముద్ద నోట్లో పెట్టుకోగానే షమీ ఎడమ చెయ్యి మూతికి అడ్డం పెట్టుకుంది. నమిలినంతసేపూ తియ్యలేదు.

"అమ్మీ, నీ నోరు ఎవరెత్తుకుపోతారు?" అని వాళ్ళ చిన్నది ఆటపట్టించింది.

షమీ కూడా నవ్వింది... చెయ్యి తియ్యకుండానే.

పలకలు పోయాయి, బలపాలు పోయాయి. ఆ రోజులే వేరు అని ఈ పేజీలో అందరూ రాస్తుంటారు. ఔను, వేరే... మీ ఇంట్లోనూ కొట్టి మాన్పించాలని చూసిన అలవాటు ఒకటి ఉండే ఉంటుంది. ఆ పిల్లకు అసలు ఏం కావాల్సి వచ్చిందో ఇప్పటికైనా తెలిసి ఉంటే, రాయండి. చిన్నపిల్లలున్నవాళ్ళు చదువుతారు.